బాలనర్సయ్య గ్రీజు డబ్బా

బాలనర్సయ్య ఇంట్లో దేవుడి పటాల పక్కన ఒక గ్రీజు డబ్బా ఉంటుంది. పదకొండేళ్లుగా అక్కడే ఉంది. భార్య చంద్రవ్వ ఎన్నిసార్లు తీసి అవతల పెట్టినా, మర్నాటికి మళ్లీ దేవుడి పక్కకే చేరేది. ఆ ఒక్క విషయంలో ఆయన ఎవరి మాటా వినే రకం కాదు.

కోటగిరి దారిలోని చిన్న చక్కెర మిల్లులో ఇరవై నాలుగు సీజన్లు ఫిట్టరుగా చేశాడాయన. ఆఖరి చెరకు బండి ఖాళీ అయిన రోజు అందరూ మిఠాయి తిని ఇళ్లకు పోయేవారు. ఈయన మాత్రం చెరకు పిండే రోలర్లను వేడినీళ్లతో కడిగి, గ్రీజు పట్టించి, గోనెపట్టా కప్పితే గానీ కదిలేవాడు కాదు. ఒక్క ఏడాదే తప్పాడు. మేనల్లుడి పెళ్లి ఉంది, రేపు చూద్దాంలే అని వెళ్లిపోయాడు. మర్నాడు మిల్లు మూసేసి గేటుకు తాళం వేశారు. గ్రీజు డబ్బా ఈయన దగ్గరే ఉండిపోయింది. ఆ తాళం ముందు నిలబడే మొహం లేక మళ్లీ అటు పోలేదు. ఇప్పుడు మిల్లును తుక్కు కింద కోస్తున్నారని విన్నప్పటి నుంచి అన్నం సయించడం లేదు.

కూతురు నవత రుద్రూర్ బడిలో సైన్సు టీచరు. మొన్న సాయంత్రం వాకిట్లో పాఠం తయారు చేసుకుంటూ తండ్రికీ వినిపించింది. పని అయిపోయిన ఉపగ్రహాలు, రాకెట్ ముక్కలు వేలకు వేలు పైన తిరుగుతూనే ఉన్నాయట. ఒకటి ఇంకొకదాన్ని గుద్దితే మళ్లీ వెయ్యి ముక్కలట. అందుకే ఇప్పుడు పంపేవాటిలో, ఆఖరున కిందికి దిగడానికని కొంత ఇంధనం దాచిపెడుతున్నారట.

"మరి ముందే సచ్చినయి?" అన్నాడు బాలనర్సయ్య.

"గవాటిని పట్టి దించెతందుకు ఇంకో యంత్రాన్ని పంపాలని సూస్తున్నరు బాపు. కిందికి రాంగ రాంగ గాలిలనే కాలిపోతయి."

"ఎట్లైనా కాలిపోయేదానికి గంత దూరం పోతరా?"

"ఇడిసిపెట్టినోళ్లే తియ్యాలె కద."

ఆయన ఆకాశం వైపు చూశాడు. "నేను ఐదు కిలోమీటర్లు పోకపోతి బిడ్డా," అన్నాడు.

తెల్లారగానే డబ్బా, ఒక గోనెపట్టా సంచిలో వేసుకుని సైకిలెక్కాడు. మిల్లులో సగం ఇనుము అప్పటికే లారీలెక్కింది. రోలర్లు మాత్రం ఇంకా ఉన్నాయి. వాటి పక్కనే గ్యాస్ కట్టర్ సర్దుకుంటున్న మహేష్ ఈయన చేతిలో డబ్బా చూసి కంగారుపడ్డాడు.

"కాకా, గ్రీజు పెడితే మంట లేస్తది. నేనెట్ల కొయ్యాలె?"

"ఒక్క గంట ఆగు బిడ్డా. మల్ల నేనే తుడుస్త."

డబ్బాలో గ్రీజు పైన పెచ్చు కట్టింది గానీ అడుగున ఇంకా మెత్తగానే ఉంది. తుప్పు రుద్ది, వేడినీళ్లు దొరక్క బోరు నీళ్లతోనే కడిగి, ఆరనిచ్చి, మూలమూలకూ వేళ్లు పెట్టి పట్టించాడు. గోనెపట్టా కప్పాడు. దాని పక్కనే కూర్చున్నాడు. గంట దాటినా మహేష్ అడగలేదు.

ఆయనే లేచాడు. పట్టా తీసి, అదే పట్టాతో గ్రీజంతా తుడిచాడు. ఎక్కడా చుక్క మిగలకుండా చూసుకుని పక్కకు జరిగాడు.

"ఇగ కొయ్యి బిడ్డా."