ట్రిఫోన్ చెయ్యి

మెషిన్లు మనిషి గొంతునీ ముఖాన్నీ సంతకాన్నీ అచ్చుగుద్దినట్టు దించేసే కాలం అది. చంద్రుడి అవతలి వైపు స్టేషన్లు పెట్టుకున్న వేగుచుక్క సంస్థ దేన్నీ నమ్మేది కాదు, ఒక్క మనిషి చేతిని తప్ప. అందుకే అక్కడి నుంచి రహస్యపు కబుర్లన్నీ తాతల నాటి పద్ధతిలో, రేడియోలో చుక్కలూ గీతలుగా, చేత్తోనే కొట్టించేది. మూడు రోజులు కబురు రాని స్టేషన్ పక్క కంపెనీ పాలవుతుందని ఒప్పందం.

మెల్నిక్ కొండ మీది గదిలో కూర్చుని ఆ అంకెల్ని రాసుకునేది డోబ్రింకా. వాటి అర్థం రాజధాని సోఫియాలోని పెద్దలకే ఎరుక. ఆమెకి తెలిసింది కొట్టే చెయ్యి. అది చంద్రుడి మీదున్న ఆమె మొగుడు ట్రిఫోన్‌ది. ఏడు అంకె చివరి చుక్కని కాస్త సాగదీస్తాడు, పెళ్లికి ముందు నుంచీ అంతే.

సొంత మాటలు పంపకూడదని రూలు. కానీ చెయ్యి ఎలా ఉందో కాగితం అంచున రాయడం వినేవాళ్ల పని. "నిద్ర చాల్లేదు", "జలుబు చేసింది", "ఎవరి మీదో కోపంగా ఉన్నాడు". ఏడేళ్లుగా ఆమె కాపురమంతా ఆ అంచుల మీదే సాగింది.

ఏటా ఫిబ్రవరి ఒకటిన మాత్రం ట్రిఫోన్ ఒక అంకె తప్పు కొట్టేవాడు. వెంటనే ఎనిమిది చుక్కలు, అంటే "తప్పయింది" అని. అతని పేరున్న సాధువు పండగ అది, అంటే అతని పేరుపండగ. ద్రాక్షతీగలు కత్తిరించి వాటి మొదళ్లలో వైన్ పోసే రోజు. నా వంతు కూడా పొయ్యవే అని ఆ తప్పుకి అర్థం.

"పొద్దున్నే పుచ్చుకున్నట్టున్నాడు వదినా మావాడు!" అనేవాడు గదికి అధికారి గలబిన్. ట్రిఫోన్‌తో కలిసి చదువుకున్నవాడు.

"అక్కడ తాగడానికి నీళ్లే కొలిచి పోస్తారట. నువ్వు పంపావా ఏంటి రాకియా సీసా?" అనేది ఆమె.

ఈ ఏడాది కూడా డోబ్రింకా పండక్కి ఇంట్లో జున్ను పెట్టి కాల్చిన బానిత్సా పట్టుకొచ్చింది. హెడ్‌ఫోన్ పెట్టుకుని వింది. ఏడు అంకె చివరి చుక్క ఎప్పటిలాగే సాగింది. కబురు అయిపోయింది. తప్పు రాలేదు.

"ఇవాళ తప్పు లేదు గలబిన్."

"మంచిదేగా వదినా. బుద్ధొచ్చిందేమో."

"ఏడేళ్లు రాని బుద్ధి ఇవాళొచ్చిందా? నా మొహం చూసి చెప్పు. బతికే ఉన్నాడా?"

గలబిన్ బానిత్సా పళ్లెం వంకే చూస్తూ కూర్చున్నాడు. "నోరు విప్పనని సంతకం పెట్టాను వదినా. నన్ను అడక్కు."

ఆమెకి అర్థమైపోయింది. స్టేషన్ చేజారకుండా సంస్థ మెషిన్‌కి ట్రిఫోన్ చెయ్యి నేర్పింది. నేర్పిన మహానుభావులు అతని తప్పులన్నీ ఏరి పారేసి మరీ నేర్పారు. వాళ్లని తిట్టడానికి మా ఊరి తిట్లు చాలవు.

మా ఊళ్లో మనిషి పోతే ఫొటోతో కాగితం వేయించి గేటుకి అంటిస్తారు. అది అంటించనిదే పోయినవాడు పోయినట్టు కాదు. మర్నాడు డోబ్రింకా ఆ కాగితం తెచ్చి గలబిన్ ముందు పెట్టింది. పేరుంది, వయసుంది. తేదీ దగ్గర ఖాళీ.

"నువ్వేం చెప్పొద్దులే. తేదీ లేకుండా ఎలా అంటించను నాయనా?"

గలబిన్ కళ్లు తుడుచుకున్నాడు. నోరు విప్పలేదు. గోటితో టేబుల్ మీద తట్టాడు, గీశాడు, మళ్లీ తట్టాడు. ఆ భాష ఇద్దరికీ వచ్చు. అక్టోబరు తొమ్మిది.

ఆమె కాగితం మీద తేదీ రాసుకుంది. తర్వాత వేళ్ల మీద లెక్కపెట్టింది. నలభయ్యో రోజున రొట్టె, ఉడికించిన గోధుమలు పంచి పోయినవాణ్ణి సాగనంపాలి. అది నవంబరు పదిహేడుతోనే దాటిపోయింది. ఆ రోజు తనేం చేస్తోందో గుర్తు రాలేదు. బీరువా తీసి పాత కాగితాల్లో వెతికింది.

ఆ తేదీ కాగితం దొరికింది. నిండా అంకెలు. అంచున తన చేతిరాతే ఉంది: "చెయ్యి నిలకడగా ఉంది. ఈమధ్య హాయిగా నిద్రపోతున్నాడు."