కుర్మమ్మ ముగ్గు

చలికాలమంతా కుర్మమ్మ లేస్తూనే ఆముదపాకులు వెచ్చచేసి రెండు మోకాళ్లకూ కట్టుకుంటుంది. ఆ తర్వాతే "కురుమూర్తి సామీ" అంటూ గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తుంది. బిజినేపల్లి చలికి ఆ కీళ్లు తుప్పుపట్టిన గొళ్ళెంలా బిగుసుకుపోతాయి. పక్కింటి నవనీత రోజూ పొద్దున చేను నుంచి మర్నాటికి సరిపడా ఆకులు తెచ్చి, ఎవరూ అడగకుండానే అరుగు మీద పెట్టి పోతుంది. "ముగ్గు నేనేస్త, నువ్వు పండుకో అత్తా" అంటుంది కోడలు మాధవి. ధనుర్మాసం ముగ్గును మాత్రం కుర్మమ్మ వదలదు. సామికి తను ఇంకా చేయగలిగిన పని అదొక్కటే మరి.

ఆ రోజు చిన్న పద్మం వేద్దామని వాకిట్లో కూర్చుంది. పద్మం అయిపోయింది గానీ మోకాళ్లు లేవనివ్వలేదు. కోడలిని పిలిస్తే రేపటి నుంచి ముగ్గుచిప్ప చేతికివ్వదు. అందుకని కూర్చున్నచోటే మెల్లగా జరుగుతూ పద్మం చుట్టూ తీగలు, తీగల చుట్టూ చిలకలు వేసింది. ముగ్గు వాకిలంతా పాకింది. ఆకులతో వచ్చిన నవనీత అది చూసి ఆగిపోయింది. "ఏంది పెద్దమ్మా, గింత పెద్ద ముగ్గేసినవ్? ఇంట్ల పెండ్లి గిట్ల ఉన్నదా?" కుర్మమ్మ ఒకసారి ఇంట్లోకి చూసి గొంతు తగ్గించింది. "పెండ్లేం లేదు గని, లేవనొస్తలేదు. జర చెయ్యిచ్చి లేపు బిడ్డా. మాధవికి చెప్పకు."