ఉడుతను తిరిగి ఇవ్వలేదు

బొమ్మల తాత పోయాడని ఆయన కూతురు ఫోన్ చేసేసరికి నేను పెనుకొండ బస్టాండులో ధర్మవరం బస్సు కోసమే నిలబడి ఉన్నాను. ఒంట్లో బాగాలేదంటే చూసి వద్దామని బయలుదేరాను. "ఇంక తొందరేం లేదులే అక్కా, నిదానంగా రా" అంది. బస్సులో దారంతా ఏడుస్తూనే ఉన్నాను. వాళ్ళ వీధి మలుపు తిరగ్గానే ఆ ఏడుపు ఆగిపోయి ఒళ్ళు మండింది. ఇంటి ముందు రెండు గుంజలకు పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. దాని మీద తాత ఫోటో లేదు. "శ్రద్ధాంజలి" అన్న మాట, కింద కంపెనీ పేరు, మూలన వేరుశనగకాయ పట్టుకున్న ఉడుత. హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, ఊళ్ళో కేబుల్ ఆఫీసు వాళ్ళ చేత కట్టించారట.

ఆ ఉడుత ఎవరిదో మీలో చాలామందికి తెలియదు. సాయంత్రం మీ పిల్లలు టీవీ ముందు కూర్చుంటే, కార్యక్రమం మొదలయ్యే ముందు తెర మీదికి పరుగెత్తుకొచ్చి, కాయ ఒలిచి, పొట్టు మన మీదికి ఊదేసి పోతుందే, అదే. దాన్ని మేకతోలు మీద గీసి, ఉలితో కత్తిరించి, రంగులద్ది ఆడించినవాడు మా తాత. నాకు చుట్టం కాదు. అందరికీ తాతే.

తొంభైల్లో హిందూపురంలో ఒక రేడియో రిపేరు షాపు మీది గదిలో ఆ కంపెనీ పుట్టింది. ఓనరు, ఒక కెమెరామన్, మాటలూ పాటలూ రాసే నేను, అంతే జనం. వారానికి అరగంట పిల్లల కార్యక్రమం చేసి కేబుల్‌కి ఇచ్చేవాళ్ళం. మొదట్లో కంపెనీ పేరు అట్టముక్క మీద రాసి చూపించేవాళ్ళం. ఆ కాసేపట్లో పిల్లలు నీళ్ళు తాగడానికి లేచిపోయేవాళ్ళు. ఇట్లా కాదని ఓనరు ధర్మవరం పక్క ఊరికి పోయి, తోలుబొమ్మలాడించే తాతను వెంటబెట్టుకొచ్చాడు.

తాత నోరు ఊరుకునేది కాదు. కాఫీ బాగాలేకపోతే వెనక్కి పంపేవాడు. నేను రాసిన పాట వినిపిస్తే, "పాపా, పిల్లోల్లకి చెప్పేటప్పుడు పైనుంచి వంగి చెప్పొద్దు. పక్కన కూకొని చెప్పు" అన్నాడు. ఆ పాట చింపేసి మళ్ళీ రాశాను. ఇవాళ్టికీ క్లాసులో అలాగే పిల్లల పక్కన కూర్చుంటాను.

మొదటి షూటింగు రోజు కెమెరామన్ అలవాటు కొద్దీ లైట్లు బొమ్మకు ముందు పెట్టాడు. తోలు మట్టిరంగులో కనిపించింది. "ఏమప్పా, అదేమన్నా దొంగతనం చేసిందా, మొగాన లైటేసి అడుగుతాండావు? ఎనక్కి పెట్టు" అన్నాడు తాత. లైటు వెనక్కి పోయాక, తెరగా కట్టిన తెల్ల పంచె మీద ఉడుత ఎర్రగా, పచ్చగా వెలిగింది. దాని పరుగుకు చప్పుడు కావాలంటే, రేకు డబ్బాలో వేరుశనగకాయలు పోసి గలగలమనిపించాడు. ఇప్పటికీ టీవీలో వచ్చేది ఆ చప్పుడే. అది వినబడితే హిందూపురం సందుల్లో గోలీలాట ఆగిపోయేది.

బొమ్మ ఇచ్చేటప్పుడు తాత మా అందరి ఎదుటే ఒక మాట తీసుకున్నాడు. "ఇది ఆడినన్నాళ్ళు మీ కాడ ఉండనీ. ఆడలేకపోయినపొద్దు నా చేతికి తెచ్చియ్యాల." ఓనరు "అట్లనే తాతా" అని చేతిలో చెయ్యి వేశాడు. తోలుబొమ్మలాడించేవాళ్ళలో బొమ్మ చిరిగి పనికిరాకుండా పోతే పారెయ్యరు, గోడకూ తగిలించరు. పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి ఏట్లో వదులుతారు. "మనకోసరం అంత ఎగిరిందే, అలిసిపోయినాక పండుకోనియ్యాల గదా" అనేవాడు.

కంపెనీ పెరిగి హైదరాబాదుకు పోయింది. నాకు టీచరు ఉద్యోగం వచ్చి ఇక్కడే ఆగిపోయాను. ఉడుతను కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నారు. అప్పటికే అసలు ఉడుతకు కాలు చిరిగింది, దానితో వాళ్ళకు ఏ పనీ లేదు. అయినా ఇవ్వలేదు. అద్దం ఫ్రేములో బిగించి, ఎదురుగా లైటు పెట్టి ఆఫీసు ముందుగదిలో వేలాడదీశారు. ఫ్రేములో పట్టలేదని దాని వెదురు బద్దను ఊడబీకి తాతకు పార్సిల్ చేశారు. బద్దను పైనుంచి చీల్చి, ఆ చీలికలో తోలును ఇరికించి కడితేనే బొమ్మ నిలబడేది. వెన్నెముక పీకి ఇంటికి పంపారన్నమాట. వీళ్ళు చేసేది పిల్లల కార్యక్రమాలు.

తాత రైలెక్కి అంత దూరం పోయాడు. అదే ఓనరు, చేతిలో చెయ్యి వేసిన ఓనరే, శాలువా కప్పాడట. "అది మా కంపెనీ గుర్తు తాతా. ఏసీలో సేఫుగా ఉండాది. నీ కాడుంటే ఎలకలు కొడతాయి" అన్నాడట. తిరిగొచ్చి తాత శాలువా మాట ఎత్తలేదు. "పాపా, మళ్ళా మొగానే లైటేసినారు" అన్నాడు. టీవీలో తన పేరు వెయ్యమని కూడా ఒకప్పుడు అడిగాడు, దాచడమెందుకు. వెయ్యకపోతే నాలుగు తిట్లు తిట్టి మరిచిపోయాడు. ఉడుతను మాత్రం మరవలేదు. ఇంట్లో చిరిగిన బొమ్మలన్నీ మూటగట్టి, "అది రానీ, అన్నింటినీ కలిపి పంపుదాం" అని ఆపి పెట్టాడు. నేను కంపెనీకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా "చూద్దాం మేడం" అన్నారు. ఆయన పోయేదాకా చూస్తూనే ఉన్నారు. పోయాక ఫ్లెక్సీ పంపారు.

దినాలనాడు చిత్రావతిలో ఉన్న కాసిన్ని నీళ్ళలోనే అవ్వ ఆ మూట విప్పింది. తాత భార్య ఆవిడ, తెర వెనక ఆయనకు గొంతు కలిపి పాడిన మనిషి. బొమ్మలను ఒక్కొక్కటే తడిమి వదిలింది. కేబుల్ ఆఫీసు నుంచి వచ్చినతను మంచి మాటగానే అన్నాడు, "ఆ ఫ్లెక్సీలో ఉడుతను కత్తిరించి వదిలేద్దామా అవ్వా?" అని. అవ్వ అతన్ని కోప్పడలేదు. "అది ఏనాడు ఆడింది నాయనా, పండుకోబెట్టేదానికి?" అంది. కూతురు వెదురు బద్దను నీళ్ళలో వెయ్యబోతే మాత్రం చటుక్కున లాక్కుంది. "ఇదీ పోతే, అది వచ్చినప్పుడు దేని మీద నిలబడాల?"

కంపెనీ వాళ్ళు ఇది చదువుతారో లేదో నాకు తెలియదు. చదివితే, మాకు శ్రద్ధాంజలి వద్దు. ఆ అద్దం విప్పండి.

బద్ద ఇప్పుడు అవ్వ ఇంట్లో చూరుకు గుచ్చి ఉంది. మొన్న సాయంత్రం నేను అక్కడ ఉండగానే పక్కింటి టీవీలో వేరుశనగకాయల గలగల మొదలైంది. అవ్వ తలెత్తి బద్ద వైపు చూసింది. నేనూ చూశాను. ఉడుతను పట్టుకున్న ఆ చీలిక నోరు తెరుచుకునే ఉంది.