మావయ్య చెప్పేవరకూ

మా చిన్న మావయ్య పోయాడని పెందుర్తి నుంచి అత్త ఫోను చేసినప్పుడు నేను పూజ గదిలో ఉన్నాను. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. చేతిలోని హారతి ఎక్కడ పెట్టానో గుర్తు లేదు. అప్పటి నుంచి మనసు ఒకచోట నిలవడం లేదు.

మావయ్య పశువుల డాక్టరు. మోచేతుల దాకా చేతులు కడుక్కుంటే గానీ మా ఇంట్లో మంచినీళ్లు ముట్టేవాడు కాదు. "మడి నీదా, నాదా?" అని నన్ను ఆటపట్టించేవాడు. ఈమధ్య బీచిలో పిల్లల్ని తిప్పే ఒంటెలకు పరీక్షలు కూడా ఆయనే చేసేవాడు. మనల్ని ఇళ్లలో కూర్చోబెట్టిన కరోనాకి చుట్టం లాంటిది గల్ఫులో ఒంటెల నుంచి మనుషులకు సోకిందట. ఇక్కడ లేదని ఊరికే అనుకోకూడదు, చూసి తెలుసుకోవాలనేవాడు.

పోయే ముందు వారం సింహాచలం దర్శనం అయ్యాక స్కూటరు మీద నన్నూ బీచికి తీసుకెళ్లాడు. ఒక ఒంటెకి ముక్కు కారుతోంది. మావయ్య మాస్కు వేసుకుని, దూది చుట్టిన పొడవాటి పుల్లతో దగ్గరికి వెళ్లేసరికి ఒంటె యజమాని అడ్డం నిలబడ్డాడు.

"మనుసుల జబ్బు దీనికెందుకు అంటగడతన్నారు బాబూ? ఇన్నారంటే ఒక్క పిల్లోడైనా ఎక్కుతాడేటి?"

"దానికి నోరుంటే దాన్నే అడుగుదునురా. మెడ పట్టుకో. నన్ను తన్నిందంటే నీదే పూచీ."

అతనికి నవ్వొచ్చింది. మావయ్య ఇచ్చిన మాస్కు కట్టుకుని మెడ పట్టుకున్నాడు.

"రిపోర్టొచ్చి నాను సెప్పేవరకు ఎవర్నీ ఎక్కించకు. నువ్వూ ఎడంగా ఉండు. జొరమొస్తే ఫోన్ సెయ్" అన్నాడు మావయ్య.

నమూనా ఉన్న ఐసు డబ్బా నా ఒళ్లో పెట్టాడు. దారంతా నేను "అప్పన్నా, అప్పన్నా" అంటుంటే, "అప్పన్నని తల్సుకో గానీ డబ్బా వొదిలీకు అమ్మీ" అన్నాడు.

ఆ రిపోర్టు ఇంకా రాలేదు. మావయ్య పనిచేసిన పశువుల ఆసుపత్రికి ఫోను చేస్తూనే ఉన్నాను. దీపం పెట్టినా, అన్నం కలిపినా అదే ధ్యాస: వస్తే ఆ ఒంటె యజమానికి ఎవరు చెబుతారు?

నిన్న నేనే వెళ్లాను. ఒంటెని బీచికి దూరంగా రేకుల షెడ్డు వెనక కట్టేశాడు. మావయ్య కబురు అప్పటికే తెలిసినట్టుంది. గుర్రాలు తిప్పే అతనొకడు అంటున్నాడు: "ఆ బాబే పోనాడు, నిన్నెవుడడుగుతాడు బావా? తోలుకొచ్చీ."

"ఆయన సెప్పనేదు కదా" అన్నాడు ఇతను.

రిపోర్టు రాగానే నేను వచ్చి చెబుతానన్నాను. తలూపాడు. వేపరొట్ట నేల మీద పెట్టి వెనక్కి జరిగాడు. ఒంటె దాన్ని చూడనైనా లేదు. తాడు బిగిసేదాకా మెడ చాచి, అతని భుజం వాసన చూడబోయింది. అతను ఇంకో అడుగు వెనక్కి వేశాడు.