మూడో బీటు శాలువా

ఊరి పేరు చెప్పను. జగిత్యాలకూ, కోరుట్లకూ, సిరిసిల్లకూ మా బస్టాండు నుంచి బస్సులున్నాయి, అంతవరకే చెబుతాను. మనుషుల పేర్లూ చెప్పను. చెబితే రేపు పొద్దున్నే నా దుకాణం ముందు పంచాయితీ పెడతారు, నాకేమో నోరు ఊరుకోదు. నేను ఆ ఊళ్లో ఒక వార్డుకు కౌన్సిలర్‌ని, లేడీస్ టైలర్‌ని కూడా. గెలిచిన వారం మా ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని మున్సిపల్ మీటింగుకు బయలుదేరాడు. "ఓట్లు నాకేసిండ్రు, నువ్వేడికి పోతున్నవ్?" అన్నాను. ఆ చొక్కా ఇప్పటికీ బీరువాలోనే ఉంది.

మా మున్సిపాలిటీ ఏడాదికొకసారి సన్మాన సభ పెడుతుంది. ఊరికి పేరు తెచ్చినవాళ్లకూ, ప్రజలకు సేవ చేసినవాళ్లకూ ఒక శాలువా, ఒక పూలదండ, ఒక అద్దాల మెమెంటో. నేను గెలిచిన మొదటి ఏడాది జాబితాలో ఇద్దరు డాక్టర్లు, ర్యాంకులు వచ్చిన పిల్లలు, శ్మశానంలో షెడ్డు కట్టించిన ఒక వ్యాపారి ఉన్నారు. వాళ్లు తక్కువవాళ్లని నేననను. పిల్లల ర్యాంకులకు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. కానీ పొద్దున్నే ఆ హాలు ఊడ్చి, ఆ కుర్చీలు తుడిచి, సభ అయిపోయాక తొక్కిన పూలు ఎత్తిపోసేవాళ్లలో ఒక్కరి పేరు కూడా అందులో లేదు. నాకు కడుపు మండింది.

రెండో ఏడాది జాబితా మీద మీటింగు జరిగినప్పుడు లేచి నిలబడ్డాను. "గీసారి మా వార్డుల ఊడ్చే ఆమెకు ఇయ్యాలె. ఇయ్యకుంటే నేను సభకు రాను. అచ్చినా ఊకుండ."

చైర్‌పర్సన్ నవ్వింది. "నువ్వు ఊకున్నదెప్పుడక్కా? రాసియ్యి."

రాసిచ్చాను. అక్కడే పప్పులో కాలేశాను. అదెట్లాగో చెప్పాలంటే ముందు ఆమె గురించి చెప్పాలి.

మా వీధిని ఊడ్చే ఆమెకు ముప్పై ఏళ్లుంటాయేమో. వీధి వీధంతా ఆమెను "కోడలా" అని పిలుస్తుంది, ఎందుకంటే అంతకుముందు మా వీధిని ఊడ్చింది ఆమె అత్త. కోడలు మాట తక్కువ, పని ఎక్కువ. మొన్నటి వానాకాలం మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో పొద్దున లేచేసరికి మా సందులో మురుగు మోరి పొంగి నీళ్లు గడపల దాకా వచ్చాయి. అందరం బట్టలు ఎగ్గట్టుకుని గట్టు మీద నిలబడి మున్సిపాలిటీని తిడుతున్నాం. కౌన్సిలర్‌ని నేనే అన్న సంగతి మరిచిపోయి నేనూ తిడుతున్నాను. కోడలు వచ్చింది. చీపురు గోడకు ఆనించింది, చీర కుచ్చిళ్లు దోపింది, నడుం లోతు మోరిలోకి దిగింది. కల్వర్టు కిందికి చెయ్యి పెట్టి ఒక మూట లాగింది. నీళ్లు గుడగుడమని దిగిపోయాయి.

ఆ మూట తెచ్చి నా గడప ముందు పెట్టింది. అన్నీ బట్ట ముక్కలు. నేను కత్తిరించి పారేసిన లైనింగులు, ఎరుపూ ఆకుపచ్చా.

"అక్కా, గివి నీయేనా?"

"నాయే" అన్నాను. ఏమంటాను మరి?

"మంచిగున్నయ్ గని, మోరికి రైకలు కుడ్తున్నవా ఏంది?"

నాకు తల కొట్టేసినట్టయింది. నవ్వూ ఆగలేదు. ఆ రోజు నుంచి దుకాణంలో ముక్కలకు వేరే సంచి పెట్టుకున్నాను. ఆమెకు శాలువా కప్పించాలని నేను మనసులో పెట్టుకున్నది కూడా ఆ రోజే.

ఇక అసలు సంగతి. ఉద్యోగం కోడలి పేరు మీద లేదు. అత్త పేరు మీద ఉంది. అత్తను మేమంతా పెద్దమ్మ అంటాం. పెద్దమ్మ ఇరవై ఏళ్లు మా వీధులు ఊడ్చింది, చేతికి తొడుగులు లేని రోజుల్లో, చెత్త ఎత్తడానికి రేకు ముక్క తప్ప మరేమీ లేని రోజుల్లో. మూడేళ్ల కింద మోకాళ్లు పోయాయి. ఒక పొద్దున కోడలు చీపురు అందుకుంది, అంతే. ఎవరూ కాగితం పెట్టలేదు. మా దగ్గర అట్లాగే నడుస్తుంది. మరమగ్గాలను మేము సాంచాలంటాం, వాటి మీద కూడా ఇదే రివాజు. అన్నకు జ్వరమొస్తే తమ్ముడొచ్చి సాంచాలు నడుపుతాడు, సేటు బట్ట చూసుకుంటాడు తప్ప మనిషిని చూడడు.

కానీ ఈమధ్య మున్సిపాలిటీలో హాజరు ఫోన్‌లోకి మారింది. పనివాళ్ల మీద ఒక జవాను ఉంటాడు. పొద్దున ఐదింటికి అతని ఫోన్‌కు ముఖం చూపిస్తేనే ఇప్పుడు హాజరు. దానికీ మావాళ్లు దారి కనిపెట్టారు. పెద్దమ్మ కుంటుకుంటూ వచ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని ఫోన్ ముందు నిలబడుతుంది. ఫోన్ టింగుమంటుంది. పెద్దమ్మ ఇంటికి పోతుంది, కోడలు ఊడుస్తుంది. ఇది జవానుకు తెలుసు, వీధికి తెలుసు, నాకూ తెలుసు. పెద్దమ్మ కొలతలతో కుట్టిన యూనిఫాం జాకెట్టును కోడలు నా దగ్గరికి తెస్తే, రెండు పక్కలా రెండేసి వేళ్లు లోపలికి పట్టి బిగించి ఇచ్చింది నేనే. అందులో తప్పుందని నాకు తట్టనే లేదు.

అందుకే సన్మానం కాగితంలో పేరు రాయాల్సిన చోట నా పెన్ను ఆగింది. కోడలి పేరేమిటి? ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. సిగ్గుపడాల్సింది పోయి, తెలివిగా "మూడో బీటు పారిశుధ్య కార్మికురాలు" అని రాశాను. ఊడ్చేవాళ్లకు పంచిన వీధుల్లో మా వంతును ఆఫీసులో మూడో బీటు అంటారు. కింద మోరి సంగతంతా వివరంగా రాశాను. ఆఫీసువాళ్లు మూడో బీటుకు ఎవరున్నారో చూసి పేరు నింపుకున్నారు. ఆహ్వాన పత్రిక మీద పెద్దమ్మ పేరు అచ్చయింది.

ఆ పత్రిక పట్టుకుని కోడలు మధ్యాహ్నం దుకాణానికి వచ్చింది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, ఆ రోజు పెంచింది.

"నువ్వు మంచి చేద్దామనుకున్నవ్ అక్కా, గని మా నోట్ల మన్ను కొట్టినవ్. అత్త స్టేజీ ఎక్కుతది. నడవరాని ముసల్ది మోరిల ఎట్ల దిగిందని ఒక్కలన్నా అడుగరా? ఫోటో పేపర్ల అస్తది. ఎవడో ఒకడు అర్జీ పెడ్తడు. నౌకరి ఊడుతది. ఇంట్ల ఐదుగురం తింటున్నం దాని మీద. మా పేరు తీపిచ్చెయ్."

మిషన్ ఆపేశాను. తీయించడం తేలికే. కానీ తీయిస్తే ఏమవుతుంది? పెద్దమ్మ అరవైకి దగ్గరపడింది. రేపో మాపో ఉద్యోగం ఎలాగూ ఆగిపోతుంది. అప్పుడు కోడలు మూడేళ్లు ఊడ్చినట్టు ఎక్కడా గుర్తుండదు. ఆ మాటే చెప్పాను. "తీపియ్య. ఒక్క రోజు ఆగు, నేను అడిగి చూస్త."

కమిషనర్ దగ్గరికి పోయి, "సార్, ఊకెనే అడుగుతున్న, ఎవల సంగతి కాదు" అని మొదలుపెట్టాను. "మీరు ఎవరి సంగతీ కాదంటేనే నాకు భయమమ్మా" అన్నాడాయన. అయినా చెప్పాడు. ఒకరి పేరు మీద ఇంకొకరు పనిచేస్తున్నారని అర్జీ వస్తే ఇద్దరినీ తీసేయాలి. అదే పేరున్న మనిషి తనంతట తానే చేతకాదని రాసిస్తే, కౌన్సిల్ ఒప్పుకుంటే, ఇంట్లో ఒకరిని తీసుకోవచ్చు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్క కాగితమే కదా అనుకున్నాను.

పెద్దమ్మ గడపలో కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. సంగతి చెప్పి, కాగితం మీద వేలుముద్ర పెట్టమన్నాను.

"పెట్ట" అంది.

"ఎందుకు పెద్దమ్మా? నీ కోడలికే కదా పోతది."

"బిడ్డా, నీకు తెల్వదు. మొగడు పాయె, మోకాళ్లు పాయె. నాకంటూ మిగిలింది గా పేరొక్కటే. పొద్దుగాల గా ఫోన్ నన్ను గుర్తువట్టి టింగుమంటది సూడు, గప్పుడు నేనింకా ఉన్నననిపిస్తది. రేపు నౌకరి దానిదైతే, జీతం దానిదైతే, నేను చాయ్ గూడ అడుక్కొని తాగాల్నా?"

కోడలు తలుపు పక్కనే నిలబడి ఉంది. లోపలికి వెళ్లిపోయింది. నేను కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని వచ్చేశాను. ఆ రాత్రి నేను గెలిపిద్దామనుకున్న మనిషిని నేనే ముంచుతున్నానని భయం పట్టుకుంది.

సభ రోజు హాలు కిక్కిరిసింది. నేను వేదిక మీద చివరి కుర్చీలో ఉన్నాను. పెద్దమ్మ ముందు వరసలో, ఉతికిన యూనిఫాం చీరలో కూర్చుంది. కోడలు వెనక తలుపు దగ్గర, డ్యూటీలో ఉంది కాబట్టి చీపురుతో నిలబడింది. డాక్టర్ల వంతయింది, పిల్లల వంతయింది. పెద్దమ్మ పేరు పిలిచారు. ఇద్దరు పట్టుకుని మెట్లెక్కించారు. చైర్‌పర్సన్ శాలువా కప్పింది. కుర్చీ వేసి కూర్చోమంటే పెద్దమ్మ దాన్ని చేత్తో తడిమి, "గీ కుర్చీలు ఎన్నిసార్లు తుడిచిన్నో, ఒక్కనాడు కూసోలే" అంది. మైకు పక్కనే ఉండటంతో అందరికీ వినిపించింది. జనం చప్పట్లు కొట్టారు.

అప్పుడు సభ నడిపే మాస్టారు నేను రాసిందంతా చదవడం మొదలుపెట్టారు. భారీ వర్షంలో, ప్రాణాలకు తెగించి, నడుం లోతు మురుగులోకి దిగి... కమిషనర్ పెద్దమ్మ మోకాళ్ల వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"నేను దిగలే" అంది పెద్దమ్మ.

మాస్టారు ఆగిపోయారు.

"నేను దిగలే సారూ. గా అబద్ధం నా మీద కప్పకుండ్రి. నా కోడలు దిగింది. మూడేండ్ల సంది ఊడ్చేది గూడ అదే. మొకం నాది, చీపురు దానిది."

హాలులో గుసగుసలు మొదలయ్యాయి. వెనక తలుపు దగ్గర కోడలు రెండు చేతులతో చీపురు పట్టుకుని బిగుసుకుపోయింది. ఇక నేను కూర్చోలేకపోయాను. మాస్టారి చేతిలోంచి మైకు లాక్కున్నాను.

"నాకు తెలుసు. వార్డు మొత్తానికి తెలుసు. అత్త జాకెట్టు కోడలికి బిగించి కుట్టింది నేను. తప్పైతే ముందుగాల నా పేరు రాయుండ్రి."

వెనక నుంచి జవాను చెయ్యెత్తాడు. "నా పేరు గూడ రాయుండ్రి మేడం" అన్నాడు. ఉద్యోగం ఉన్న మనిషి, పిల్లలున్న మనిషి. ఆ చెయ్యి ఎంత ధైర్యం చేసి లేచిందో నాకు తెలుసు.

పెద్దమ్మ కమిషనర్ వైపు తిరిగింది. "నాకు చాతనైతలేదు సారూ. గీ కౌన్సిలర్ బిడ్డ దగ్గర కాగితం ఉన్నది, ఇప్పుడే వేలుముద్ర ఏస్త. నౌకరి దానికియ్యుండ్రి." అంతవరకూ చెప్పి, ఎవరో లాక్కుంటున్నట్టు భుజాల మీద శాలువా బిగించి పట్టుకుంది. "గని శాలువ మాత్రం ఎవలకియ్య. ఇరవై ఏండ్లు ఊడ్చిన. ఇది నాది."

హాలంతా గొల్లుమంది. నవ్వు ఆగకముందే చప్పట్లు మొదలయ్యాయి. నేను నవ్వుతూనే ఏడ్చాను, చెప్పడానికి సిగ్గేం లేదు. కోడలు పైకి రాలేదు, ఎంత పిలిచినా తల అడ్డంగా ఊపింది. నేను తీసిచ్చిన కాగితం మీద పెద్దమ్మ వేలుముద్ర వేసింది, కమిషనర్ లేచి అందుకున్నాడు. "కౌన్సిల్‌లో పెడదాం" అని మాత్రం అన్నాడు.

పెట్టారు. ఇట్లా ఒప్పుకుంటే రేపు అందరూ ఇదే చేస్తారని ఒకాయన అడ్డం తిరిగాడు. "మీ సందుల మోరి నిండినప్పుడు మీరు దిగుతరా అన్నా, లేకుంటే ఆమెను పిలుస్తరా?" అని అడిగాను. ఆయన కూర్చున్నాడు. తీర్మానం గెలిచింది. జవానుకు ఒక మెమో ఇచ్చి వదిలేశారు. నాకు ఇవ్వడానికి వాళ్ల దగ్గర మెమో లేదు.

కోడలి ముఖం ఫోన్‌లో ఎక్కించిన మొదటి పొద్దున, చూద్దామని నేనూ ఐదింటికి లేచి వెళ్లాను. కోడలు ఫోన్ ముందు నిలబడింది. టింగుమంది. తెర మీద ఆమె పేరు పడింది. నేను అప్పుడే మొదటిసారి చదివాను. చక్కటి పేరు.

వెనక్కి తిరిగితే పెద్దమ్మ వస్తోంది. అలవాటు కొద్దీ లేచినట్టుంది. చలికి శాలువా కప్పుకుంది.

"నువ్వెందుకచ్చినవ్ పెద్దమ్మా? ఇంక రానక్కెర్లేదు" అన్నాడు జవాను.

"తెలుసు. ఒక్కసారి సూపియ్యి రాదు."

జవాను నా వైపు చూసి, ఫోన్ ఆమె ముఖం ముందు పట్టాడు. పెద్దమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని నిలబడింది. టింగుమనలేదు. ఇంకోసారి పట్టాడు. లేదు.

"గుర్తువడ్తలేదా?" అంది, చిన్న గొంతుతో.

జవాను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. కోడలు అప్పటికే ఊడవడం మొదలుపెట్టింది. తల ఎత్తకుండానే అంది.

"అది గుర్తువట్టకుంటే మానె. నేను లేవంగనే నీకు చాయ్ పెట్టి ఫ్లాస్కుల పోసిన, పొయ్యి పక్కకున్నది. చక్కెర జెర ఎక్కువేసిన. పో అత్తా, తాగు."

పెద్దమ్మ శాలువా సర్దుకుని, కోడలు ఊడ్చిన పక్క నుంచి మెల్లగా ఇంటికి నడిచింది.