కొట్లో చదువు

నిన్న ఒక చిన్నపిల్ల వాళ్లమ్మతో మా కేసముద్రం కిరాణా కొట్టుకు వచ్చి, డబ్బా మీది చీటీని కూడబలుక్కుంటూ "శనపప్పు" అని చదివింది. నడుమ 'గ' మరిచిపోయి ఆ చీటీ రాసింది నా మేనకోడలు. దాన్ని మార్చాలని నాకెప్పుడూ అనిపించలేదు.

మా చెల్లె, బావ విడిపోయాక చెల్లె ఆరేళ్ల కూతురితో నా దగ్గరికి వచ్చేసింది. బావ ఉద్యోగం చేసుకుంటూ భూపాలపల్లిలోనే ఉండిపోయాడు. ఇక్కడి బడిలో పిల్ల నత్తిని తోటివాళ్లు వెక్కిరించేవాళ్లు. కొన్నాళ్లకు అది అక్కడ నోరు విప్పడమే మానేసింది. చెల్లె బడి మాన్పించి కొట్లోనే చదువు మొదలుపెట్టింది. పిల్ల ఎండుమిరప ఘాటుకు తుమ్ముకుంటూ అక్షరాలు దిద్దేది, చింతపండు చప్పరిస్తూ ఎక్కాలు చెప్పేది. సరుకులకొచ్చిన రైతులను కూర్చోబెట్టి పద్యాలు అప్పజెప్పేది. పాపం, పూర్తయ్యేదాకా వాళ్లు లేచేవాళ్లు కాదు. నత్తి అట్లాగే ఉండేది గానీ భయం పోయింది.

సంగతి తెలిసి బావ వచ్చాడు. అరవలేదు. కొట్టు మెట్టు మీద కూర్చుని, "బావా, ఇంట్లనే పెరిగితె రేపు నలుగుర్ల ఎట్ల బతుకుతది? నా దగ్గరికి పంపుండ్రి, ఆడ మంచి బడి ఉన్నది" అన్నాడు నాతో.

"నలుగుర్ల ఉంటెనే గద నోరు మూసుకున్నది. నా దగ్గర మాట్లాడుతాంది" అంది చెల్లె.

"నీ దగ్గరనే మాట్లాడుతది. నా భయం గదే."

ఇద్దరిలో ఎవరిది తప్పో నాకు తెలియలేదు. జనగామ నుంచి వచ్చిన మా పెద్దనాయిన, "పిల్లనే అడుగుదాం" అన్నాడు. అడిగాడు. అది అమ్మ మొహం, నాన్న మొహం మార్చి మార్చి చూసింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. మర్నాడు కూడా మాతో మాట్లాడలేదు. ఆ తరవాతా అంతే. చివరికి చెల్లెనే బావకు ఫోన్ చేసింది. "తీస్కపో. మనిద్దరి నడుమ నలుగుతాంది."

బావ తీసుకుపోయిన ఏడాదికి, మొన్న సెలవులకు పిల్ల వచ్చింది. అన్నం తింటూ దోస్తుల గురించి, టీచరమ్మ గురించి ఆగకుండా చెప్పింది. చెల్లె నవ్వుతూ విన్నది. ఇంతలో పిల్ల, "అమ్మా, మంచినీళ్లు తాగొచ్చా?" అని అడిగింది, చుట్టాలింట్లో అడిగినట్టు. చెల్లె నీళ్ల కోసం వంటింట్లోకి పోయి ఎంతకూ రాలేదు. నేను వెళ్లేసరికి చెంబు పట్టుకుని గోడ వైపు తిరిగి ఉంది. "పిల్ల మంచిగున్నది అన్నా. ఇంకేం గావాలె నాకు" అంది.

మా వయసువాళ్లకు ఏడాదంటే ఇట్టే గడిచిపోయేది. ఆ పిల్లకు అది బతికిన బతుకులో పెద్ద ముక్క, అందులో మా చెల్లె లేదు.