లెక్క అడగడానికి సిఫార్సు

సాయం అడిగే ముందు మనం ఎవరి మనుషులమో ఎందుకు చెప్పుకోవాలి? ఈ ప్రశ్న నన్ను ఏళ్లుగా వదల్లేదు. ఈ రోజు అది ఫోన్‌లోనూ ఎదురైంది.

టీచరు పరీక్షకు చదువుతున్న మా పక్కింటి రూతు, సంచిలోంచి రంగు బంతులు తీసే సంభావ్యత లెక్క ఫోటో ఒకటి ఆన్‌లైన్ గణిత బృందంలో పెట్టి, "సార్, మాది తొండూరు. మా మామ ఫలానా నాయకుని మనిషి. అర్జెంటుగా చేసియ్యండి" అని రాసింది. పొద్దున్నుంచి ఒక్కరూ పలకలేదని ఫోన్ తెచ్చి నాకు చూపించింది.

"అదంతా తీసెయ్. నువ్వు యాడిదాకా చేసినావో, యాడ ఆగిపోయినావో రాయి" అన్నాను.

"నా తప్పు నేనే అందరికీ సూపియ్యాల్నా? నవ్వరా అక్కా?"

"నవ్వితే నన్ను తిట్టు."

సణుగుతూనే రాసింది. కాసేపటికి ముక్కూమొహం తెలియని ఒకావిడ జవాబిచ్చింది: "ఇంతవరకు సరిగ్గానే చేశారు. చివర్లో ఒక బంతిని రెండుసార్లు లెక్కపెట్టారు, చూడండి." మిగతాది రూతే పూర్తి చేసింది.

"ఎవరి మనుషులని అడగనే లేదే!" అని ఒకటే ఆశ్చర్యం, సంతోషం.

రేపు ఆ పరీక్షకే సర్టిఫికెట్ కోసం మండలాఫీసుకు పోతోంది. అక్కడ కూడా మామ పేరు ఎత్తవద్దని చెప్పాలా, ఊరుకోవాలా? నాకింకా తేలడం లేదు. మీరైతే ఏం చెబుతారు?